తూకము వెనుక లెక్క

సంఘమువారు ఈ సంచికకొక చరిత్ర వ్యాసము వ్రాయుమని కోరినపుడు, పాళెగాండ్రను గూర్చియో, కైవార క్షేత్రమును గూర్చియో వ్రాయుదునని తలచియుందురు. ఆ విషయములను నాకంటె బాగుగా నెఱిగిన పెద్దలు మనలో పలువురు కలరు. నేను మెట్రిక్ పరీక్షతో చదువు చాలించి, గుమాస్తా కొలువు చేసి, విశ్రాంతి పొందినవాడను. నా జీవితమంతయు అంకెలను ఒక పుస్తకమునుండి మఱియొక పుస్తకమునకు ఎక్కించుటతోనే గడచినది. అట్టి నాకు ఒక అంకె చేసిన ఉపదేశమును, ఆ అంకె వెనుకనున్న రెండు వందల యేండ్ల చరిత్రను మీతో పంచుకొనవలెనని యున్నది.

నేను కొలువులోనున్న దినములలో నీటి పరీక్షల కాగితములను పుస్తకమున కెక్కించు పని కొంతకాలము నా పాలబడెను. మన బట్లహళ్ళి ప్రాంతమున ఏడాది పొడుగున పాఱు నది లేదు. చెఱువులు నిండిన యేడు నిండును, లేని యేడు లేదు. త్రాగుటకు బోరుబావియే గతి. కావున ఆ కాగితములు చిన్నవైనను వానిలోని మాట చిన్నది కాదు.

ఒక పల్లెలోని బోరు నీటిని గూర్చి రెండు కాగితములు వచ్చినవి. మొదటిదానిలో నైట్రేటు లీటరుకు 62 మిల్లీగ్రాములు. కొన్ని నెలల తరువాత వేఱొక ప్రయోగశాలనుండి వచ్చిన రెండవదానిలో 14. మన దేశపు ప్రమాణము ననుసరించి త్రాగునీటిలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించరాదు. మించినచో ముఖ్యముగా పసిబిడ్డలకు ముప్పు. వారి రక్తమునకు ప్రాణవాయువును మోయు శక్తి తగ్గును. 62 పోయి 14 వచ్చినదికదా యని సంతోషించి, "నీరు బాగుపడినది" అని టిప్పణి వ్రాసితిని. నా పైవారు సంతకము చేసిరి. ఆ బోరు నీటినే పల్లెవారు త్రాగుచుండిరి.

ఆ 14 అంకె ప్రక్కన చిన్న అక్షరములలో "నత్రజనిగా" అని యుండెను. నేను దానిని చూచితిని గాని, దానికొక అర్థముండునని తలపలేదు. నాలుగు నెలల పిమ్మట మఱియొక పనిమీద ప్రయోగశాలకు పోయినపుడు అచటి యువ రసాయనికురాలొకతె నా పుస్తకమును చూచి కన్నడమున ఇట్లనెను: "అయ్యా, ఈ రెండు కాగితములును ఒకే మాట చెప్పుచున్నవి. 62ను 62తో భాగింపుడు. 14ను 14తో భాగింపుడు. రెండును ఒకటే. నీరు మాఱలేదు; వ్రాసిన తీరు మాఱినది."

నాకు చెమటలు పట్టినవి. మఱునాడే టిప్పణిని దిద్ది పంపితిని. ఆ నాలుగు నెలలలో కీడు జరిగినట్లు నా చెవిని పడలేదు. ఐనను ఆ తప్పు నాది, దానిని మఱువలేదు. 62 అనగా నేమి? 14 అనగా నేమి? ఆ రెంటిని వేఱువేఱు అంకెలతో భాగించిన ఒకటే యగుట యెట్లు? ఈ ప్రశ్నలకు సమాధానము మోలు అను మాటలో నున్నది. బడిలో చదువుకొను దినములలో ఆ మాటను బట్టీపట్టి, పరీక్ష కాగానే మఱచితిని. అఱువదియేండ్లకు దానిని మరల నేర్చుకొంటిని.

దీనిని మన జిల్లాలోని వారికి చెప్పుట సులభము. శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్టును ఎఱుగనివారు మనలో నుండరు. అచట గూళ్ళను ఎవరును ఎంచరు, తూచెదరు. ఐనను కిలోకు ఎన్ని గూళ్ళు తూగునను లెక్క వ్యాపారికి తెలిసియుండవలెను. ఉదాహరణకు తెల్లగూళ్ళు వేయింటి తూకము 1,800 గ్రాములనియు, పసుపుగూళ్ళు వేయింటి తూకము 1,500 గ్రాములనియు అనుకొందము. ఒక గంపలో 36 కిలోల తెల్లగూళ్ళు, మఱియొక గంపలో 30 కిలోల పసుపుగూళ్ళు ఉన్నవి. తూకమును చూచినవాడు మొదటి గంపలో సరకు ఎక్కువయనును. తన తన వేయింటి తూకముతో భాగించినవాడు రెండింటను ఇరువదేసి వేల గూళ్ళే యున్నవనును. ఇద్దఱును అబద్ధమాడలేదు. ఒకడు తూకము చెప్పెను, ఒకడు లెక్క చెప్పెను.

మోలు అనునది ఆ "వేయి" వంటి ఒక గుంపు పేరు. డజను అనిన పండ్రెండు, గ్రోసు అనిన 144 అయినట్లే మోలు అనినను ఒక నిర్ణీతమైన సంఖ్య. "వేయింటి తూకము" వంటిది మోలారు ద్రవ్యరాశి. గూళ్ళకు బదులుగా ఇచట పరమాణువులును, అణువులును ఉండును. కార్బను ఒక మోలు 12 గ్రాములు తూగును. ఆక్సిజను పరమాణువులు ఒక మోలు 16 గ్రాములు, నత్రజని పరమాణువులు ఒక మోలు 14 గ్రాములు. నైట్రేటులో నత్రజని పరమాణువొకటి, ఆక్సిజను పరమాణువులు మూడు. కావున దాని మోలు 14 గ్రాములకు 48 గ్రాములు చేర్చగా 62 గ్రాములు. నా రెండు కాగితముల గుట్టు ఇదియే. ఒకరు నైట్రేటునంతటిని తూచి చెప్పిరి. ఒకరు దానిలోని నత్రజనిని మాత్రము తూచి చెప్పిరి. రెండును లీటరు నీటిలో మోలులో వేయవ వంతే.

ఇంత తేలికైన ఈ మాటను పండితులు ఒప్పుకొనుటకు అర్ధశతాబ్దము పట్టెనన్నచో ఆశ్చర్యము గలుగును. ఆ కథ యిది.

పరమాణువను మాట మనకు క్రొత్తది కాదు. కణాదుని వైశేషిక దర్శనమునందు ఆ తలపు కలదు. కాని అది తలపుగానే నిలిచినది. దానిని తక్కెడలోనికి దింపినవాడు ఇంగ్లండు దేశమున బడిపంతులుగా జీవించిన జాన్ డాల్టను. ఆయన 1808వ సంవత్సరమున ప్రకటించిన గ్రంథమున, ప్రతి మూలకమునకును తనదైన పరమాణువును, ఆ పరమాణువునకు తనదైన బరువును కలవని చెప్పెను. పరమాణువును విడిగా తూచలేము. కాని హైడ్రోజను బరువు 1 అనుకొన్నచో తక్కినవాని బరువులు ఎన్ని రెట్లో చెప్పవచ్చును. ఇది గొప్ప యడుగు. ఐనను దానిలో నొక చిక్కు గలదు. నీటిలో హైడ్రోజను ఒక పాలునకు ఆక్సిజను ఎనిమిది పాళ్ళని తక్కెడ చెప్పును. కాని ఎన్ని పరమాణువులకు ఎన్ని పరమాణువులు చేరినవో తక్కెడ చెప్పదు. డాల్టను ఒకటికొకటి యనుకొనెను. ఆనాటి తూకముల కొఱతవలన ఆక్సిజను బరువు 7 అని వ్రాసెను. తూకము సరిగా నున్నను ఆయన తలపు ప్రకారము 8 వచ్చునే గాని, నేడు మనమెఱిగిన 16 రాదు. గూళ్ళ ఉపమానములో చెప్పవలెనన్న, గంపల బరువు తెలిసెను గాని గంపలో ఎన్ని గూళ్ళున్నవో తెలియలేదు.

అదే 1808వ సంవత్సరమున ఫ్రెంచి పండితుడు గే-లుస్సాకు మఱియొక వింతను ప్రకటించెను. వాయువులు కలియునపుడు వాని పరిమాణములు చిన్న చిన్న పూర్ణసంఖ్యలలో నుండును. రెండు పాత్రల హైడ్రోజనుతో ఒక పాత్ర ఆక్సిజను కలిసిన రెండు పాత్రల నీటియావిరి వచ్చును. 1811వ సంవత్సరమున ఇటలీ దేశస్థుడగు అమెడియో అవొగాడ్రో ఈ రెంటిని కలిపి ఒక ఊహ చేసెను. ఒకే వేడిమి, ఒకే ఒత్తిడిగల సమాన పరిమాణపు వాయువులలో, అవి యే వాయువులైనను, అణువుల సంఖ్య సమానమే యని ఆయన చెప్పెను. మఱియు హైడ్రోజను, ఆక్సిజను వంటి వాయువులలో ఒక్కొక్క అణువున రెండేసి పరమాణువులు జంటగా నుండుననెను. ఈ ఊహతో నీటిలో రెండు హైడ్రోజనులకు ఒక ఆక్సిజను అని తేలును. ఆక్సిజను బరువు 16 అగును.

కాని ఆ మాటను వినువారు లేకపోయిరి. ఒకే జాతి పరమాణువులు రెండు జంటగా కూడుట అసంభవమని డాల్టను తలచెను. ఆనాడు రసాయన శాస్త్రమున పెద్దదిక్కైన బెర్జీలియసు సిద్ధాంతమునందును దానికి చోటు లేదు. అవొగాడ్రో 1856వ సంవత్సరమున మరణించెను. అప్పటికిని శాస్త్రజ్ఞులు తలకొక లెక్కను పట్టుకొని యుండిరి. ఒకే పదార్థమునకు ఒక గ్రంథమున ఒక సూత్రము, వేఱొక గ్రంథమున వేఱొక సూత్రము! నా రెండు కాగితముల గందరగోళము ఆనాడు యూరపు ఖండమంతటను నుండెను.

దీనిని తీర్చుటకై 1860వ సంవత్సరము సెప్టెంబరు 3 మొదలు 5వ తేదీ వఱకు జర్మను దేశమున కార్ల్‌స్రూహె నగరమున సుమారు 140 మంది రసాయనికులు సభ చేరిరి. అంతర్జాతీయ రసాయనిక సభలలో ఇదియే మొదటిది. సభలో వాదములు జరిగెనే గాని నిర్ణయము కాలేదు. ఐతే ఇటలీనుండి వచ్చిన స్టానిస్లావో కన్నిజ్జారో అచట అవొగాడ్రో ఊహను గట్టిగా సమర్థించెను. ఆయన రెండేండ్ల క్రిందట, 1858లో, తన విద్యార్థులకు చెప్పు పాఠముల సారమును చిన్న పుస్తకముగా వెలువరించి యుండెను. సభ ముగియునపుడు ఆయన మిత్రుడొకడు దాని ప్రతులను వచ్చినవారికి పంచిపెట్టెను. దానిని చదివి కన్నులు తెఱచినవారిలో లోథార్ మేయరు ఒకడు. ఆ సభకు వచ్చిన రష్యా యువకుడు మెండలీయెవు 1869లో మూలకముల ఆవర్తన పట్టికను ప్రకటించెను. సరియైన పరమాణు భారములు లేనిదే ఆ పట్టిక పొసగదు. సభలో గెలువని మాట ఒక పాఠ్యపుస్తకము ద్వారా గెలిచెను. బడిపుస్తకములను చులకనగా చూచువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

మోలు అను పేరును 1890వ దశకమున వాడుకలోనికి తెచ్చినవాడు విల్‌హెల్మ్ ఆస్ట్‌వాల్డు. వింత యేమనగా, ఆనాడు ఆయన పరమాణువులు నిజముగా నున్నవని నమ్మినవాడు కాడు! ఆయనకు మోలు తూకమునకు సంబంధించిన మాటయే. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్ పెఱ్ఱాను నీటిలో తేలియాడు సూక్ష్మ కణముల కదలికలను సూక్ష్మదర్శినితో పరిశీలించి, మోలులోని అణువులెన్నియో పలు మార్గములలో లెక్కించెను. ఆ సంఖ్యకు అవొగాడ్రో పేరు పెట్టవలెనని 1909లో సూచించినవాడును ఆయనయే. ఇట్టి పరిశోధనల ఫలితముగా ఆస్ట్‌వాల్డు కూడ తన పట్టు విడిచి పరమాణువుల నంగీకరించెను. పెఱ్ఱానునకు 1926లో నోబెలు బహుమానము లభించెను.

1971లో మోలు అంతర్జాతీయ ప్రమాణములలో ఏడవ మూల ప్రమాణమయ్యెను. అప్పుడు 12 గ్రాముల కార్బను-12లో నెన్ని పరమాణువులుండునో అన్ని యని దానిని నిర్వచించిరి. 2019వ సంవత్సరము మే 20వ తేదీనుండి ఆ నిర్వచనము మాఱినది. ఇప్పుడు మోలనగా 6.02214076ను పదికోట్లతో రెండు మార్లు, కోటితో ఒక మారు హెచ్చించగా వచ్చు సంఖ్య. మన వాడుకలో చెప్పవలెనన్న, కోటి కోటి కోట్లు సుమారు 602 మార్లు. ప్రపంచమందలి 800 కోట్ల జనులు క్షణమునకు, అనగా సెకండునకు, ఒకటి వంతున నిద్రాహారములు లేక ఎంచినను అది ముగియుటకు 24 లక్షల సంవత్సరములు పట్టును. అన్ని నీటి అణువులు కూడిన 18 గ్రాములు, అనగా ఒక్క గ్రుక్కెడు నీరు! ఎంచుటకు మానవునకు సాధ్యము కాదు. తూచుట నిమిషములో పని. అందుచేతనే మోలు పుట్టినది.

ఈ కథలో తెలుగువారికి చోటు లేదాయని మీరడుగవచ్చును. కలదు. భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారిని మందులు కనుగొన్న మహనీయునిగా మనమెఱుగుదుము. ఆయన మెట్రిక్ పరీక్షలో రెండు మార్లు తప్పి, మూడవ మారు చెన్నపట్నపు హిందూ హైస్కూలునుండి కృతార్థుడయ్యెనని చెప్పినచో మన పిల్లలకు కొంత ధైర్యము గలుగును. ఆయన అమెరికాకు పోయి, బోస్టనులోని హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కె అను పండితునితో కలిసి పనిచేసెను. శరీర ద్రవములలో భాస్వరమెంత గలదో రంగునుబట్టి తెలిసికొను పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. భాస్వరము హెచ్చినకొలది నీలిరంగు చిక్కనగును. ఆ పద్ధతి నేటికిని వారి పేరులతోనే పిలువబడుచున్నది.

కండరముల సారమును అట్లు పరీక్షించునపుడు వారికొక వింత కనబడెను. నీలిరంగు వెంటనే పూర్తిగా రాక, నెమ్మదిగా చిక్కనగుచుండెను. మఱియొకడైన పరికరమున లోపమని విడిచియుండును. వారు విడువలేదు. కండరమునందు భాస్వరము వేఱొక పదార్థముతో ముడిపడి యుండి, పరీక్ష జరుగుచుండగనే ఆ ముడి వీడుచున్నదని గ్రహించిరి. ఆ రెండవ పదార్థము క్రియాటిను. ఇక ప్రశ్న యేమన, ఏది యెంతతో ముడిపడినది?

ఇచట తూకము దారి చూపదు. ఉదాహరణకు 131 మిల్లీగ్రాముల క్రియాటినుతో బాటు 31 మిల్లీగ్రాముల భాస్వరము వెలువడినదనుకొందము. 131కిని 31కిని చుట్టఱికమేమి? కాని క్రియాటిను మోలు 131 గ్రాములు, భాస్వరము మోలు 31 గ్రాములు. దేనిని దాని మోలారు ద్రవ్యరాశితో భాగించిన ఒకటికొకటి! క్రియాటిను అణువొకటి, ఫాస్ఫారికామ్లపు అణువొకటి జతగూడిన పదార్థము కండరములో గలదని వారు 1927లో ప్రకటించిరి. అదియే ఫాస్ఫోక్రియాటిను. ఇంచుమించుగ అదే సమయమున ఇంగ్లండులో ఎగిల్టను దంపతులును అట్టి పదార్థమునే గుర్తించిరి. దాని లెక్కను మనమే సరిచూడవచ్చును. క్రియాటిను 131కి ఫాస్ఫారికామ్లము 98 కూడగా 229. ఆ రెండును కూడునపుడు నీటి అణువొకటి వెలికిపోవును, కావున 18 తీసివేయగా 211. ఫాస్ఫోక్రియాటిను మోలారు ద్రవ్యరాశి సరిగా అదియే. పైసలతో సహా సరిపోయిన చిట్టా పుస్తకమును చూచినపుడు గుమాస్తాకు గలుగు సంతోషము నాకు దీనిని లెక్కించిననాడు గలిగినది.

1929లో వారు కండరమునుండి మఱియొక పదార్థమును వేఱుచేసిరి. జర్మనీలో లోమను అను శాస్త్రజ్ఞుడును విడిగా దానిని కనుగొనెను. అడినీను ఒకటి, రైబోసు చక్కెర ఒకటి, ఫాస్ఫారికామ్లము మూడు, ఇదియే దాని లెక్క. అదియే ఎ.టి.పి.; జీవులన్నిటి శక్తికి నాణెము వంటిది. మనము చేయి యెత్తినను, అడుగు వేసినను ఖర్చగునది అదియే. ఒకటి, ఒకటి, మూడు అను ఆ లెక్క మోలులు లేనిదే తెలియదు. భీమవరపు బిడ్డడు ఆ తక్కెడ చేతబట్టి నిలిచెనని చెప్పుకొనుట మనకు గర్వకారణము. ఆయన 1948 ఆగస్టులో పరమపదించెను.

ఇక మరల మన నీటి కడకు వత్తము. నైట్రేటు ఒక్కటియే కాదు, ఫ్లోరైడు బాధయు మన సీమకు కలదు. బాగేపల్లి, చింతామణి తాలూకాలలోని పలు బోరులలో అది మితిమీరియున్నది. మన సోదరులగు ఆంధ్రులకును ఇది పాతబాధయే. మన దేశమున ఈ వ్యాధి మొదట 1937లో నాటి చెన్నపట్నపు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో గుర్తింపబడినది. నల్లఱాతి నేలలలో లోతుకు పోయినకొలది నీరు ఱాతితో చిరకాలము కూడియుండి, దానిలోని ఫ్లోరైడును కరగించుకొనును. లీటరుకు ఒక మిల్లీగ్రాము మేలనియు, వేఱు నీరు దొరకని చోట 1.5 వఱకు ఓర్వవచ్చుననియు మన ప్రమాణము చెప్పుచున్నది. అది మించి చిరకాలము త్రాగినచో పండ్లపై మరకలు పడును. ఎముకలు బిగిసికొని కీళ్ళు వంగవు.

ఇది యెట్లు జరుగునో మోలు లెక్క చూపును. ఎముకలోను పంటిలోను నున్న ఖనిజమున హైడ్రాక్సిలు అను భాగమున్నది. దాని మోలు 17 గ్రాములు. ఫ్లోరైడు మోలు 19 గ్రాములు. ఒకటి వెడలి దాని చోట ఒకటి కూర్చుండును. తక్కెడకు ఆ మార్పు ఇంచుమించు కనబడదు. ఇంటిలో మనిషి మాఱినను ఇంటి బరువు మాఱనట్లు. అట్లే ఫ్లోరైడు కాల్షియముతో కూడి ఏర్పడు పదార్థమున కాల్షియము 40 పాళ్ళు, ఫ్లోరైడు 38 పాళ్ళు. తూకము చూచినవాడు సమపాళ్ళనును. లెక్క చూచినవాడు ఒక కాల్షియమునకు రెండు ఫ్లోరైడులనును. ఇక 1.5 మిల్లీగ్రాములన్నది చిటికెడుకంటె తక్కువయని చులకన చేయువారితో, దానిలో నాలుగు లక్షల డెబ్బదియైదు వేల కోటి కోట్ల ఫ్లోరైడులున్నవని చెప్పవలెను.

మన యిండ్లలో తెలుగు, బడులలో కన్నడము లేక ఇంగ్లీషు. పిల్లలు రెంటి నడుమ చదువు జాఱవిడుచుచున్నారని పెద్దలు చింతించుట వినుచున్నాను. వారికొక మాట చెప్పవలెను. పరమాణువు, అణువు, ద్రవ్యరాశి అను మాటలు కన్నడ పాఠ్యపుస్తకములోను అవియే, తెలుగు పాఠ్యపుస్తకములోను అవియే. బడిలో విన్న మాటను ఇంట మన భాషలో మరల చెప్పించినచో పిల్లవానికి నష్టము లేదు, లాభమే. పట్టుగూళ్ళ గంపను చూపి మోలును చెప్పగలిగిన తాతకు పట్టము అక్కఱలేదు.

మన పంచాయతీలలో నీటి పరీక్షల కాగితములు నేడును వచ్చుచున్నవి. వానిని చూచునపుడు అంకెను మాత్రమే గాక, అంకె ప్రక్కన నున్న చిన్న మాటను కూడ చదువుడు: "నైట్రేటుగా" నా, "నత్రజనిగా" నా? నత్రజనిగా నున్నచో దానిని 62తో హెచ్చించి 14తో భాగించి, వచ్చినదానిని 45తో పోల్చుడు. ఇంతకుమించి శాస్త్రము అక్కఱలేదు. ఆ చిన్న మాటను చదువక నేనొకసారి పొరపడితిని. ఇది చదివిన మీలో ఒక్కరైనను ఆ పొరపాటు చేయకున్నచో, ఈ ముసలి గుమాస్తా వ్రాసిన టిప్పణికి ఇన్నాళ్ళకు సరియైన దిద్దుబాటు జరిగినదని తలంతును.